సోషల్ నెట్‌వర్క్ గొడవ మళ్ళీ లేచింది, అసలు మలుపు ఆ వాంగ్మూలాల బల్ల దగ్గరుంది

హాలీవుడ్ రైటర్ ఆరన్ సార్కిన్ మళ్ళీ ఫేస్‌బుక్ మీదే సినిమా తీస్తున్నాడు, ఈసారి డైరెక్షన్ కూడా తనదే, పేరు ది సోషల్ రెకనింగ్, రిలీజ్ డేట్ 2026 అక్టోబర్ 9 అని అనౌన్స్ చేశారు. దాంతో 2010లో అతను రాసిన ఫేస్‌బుక్ పుట్టుక సినిమా ది సోషల్ నెట్‌వర్క్ నాటి వాదన మళ్ళీ మొదలైంది, బతికున్న మనిషి గురించి రాసేటప్పుడు రైటర్ ఎంతవరకు కల్పించొచ్చు అని. మార్క్ జుకర్‌బర్గ్ హార్వర్డ్ హాస్టల్ రూమ్‌లో ఫేస్‌బుక్ మొదలుపెట్టిన కథ అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం.

సార్కిన్ చేతికి మొదట వచ్చింది పుస్తకం కూడా కాదు, బెన్ మెజ్రిక్ రాయబోయే పుస్తకానికి 14 పేజీల ప్రపోజల్. అక్కడ పుస్తకం, ఇక్కడ స్క్రిప్ట్, రెండూ ఒకేసారి నడిచాయి. గట్టిగా పట్టుకోడానికి దొరికింది జుకర్‌బర్గ్ మీద పడ్డ రెండు కేసుల కాగితాలు. ఐడియా మాది అని హార్వర్డ్‌లోనే చదివిన వింకిల్‌వాస్ కవలలు, దివ్య నరేంద్ర ఒక పక్క, మొదట్లో డబ్బు పెట్టింది నేను, నా వాటా కరిగించేశారు అని ఫేస్‌బుక్ సహ వ్యవస్థాపకుడు ఎడ్వర్డో సావెరిన్ ఇంకో పక్క, మధ్యలో జుకర్‌బర్గ్. అందరూ ప్రమాణం చేసే చెప్పారు, అయినా ఒకరి మాట ఇంకొకరితో కలవదు. సార్కిన్ వీళ్ళలో ఒకర్ని నమ్మి రాసుంటే మామూలు బయోపిక్ అయ్యేది, అతను ఆ కలవకపోవడాన్నే కథ చేసుకున్నాడు, నా లెక్కలో సినిమా పుట్టింది ఆ నిర్ణయంలోనే. వాంగ్మూలాలు తీసుకునే బల్ల దగ్గర లాయర్ ప్రశ్న అడగ్గానే గతంలోకి వెళ్తాం, అక్కడ చూసినదాన్ని బల్ల దగ్గర ఎవరో ఒకరు కాదంటారు, వాయిస్ ఓవర్ అక్కర్లేదు, ఇన్ఫర్మేషన్ అంతా గొడవలోంచే వస్తుంది. మామూలుగా పేజీకి ఒక నిమిషం లెక్క, 160 పేజీలు దాటిన స్క్రిప్ట్ 2 గంటల్లో అయిపోయిందంటే ఆ మాటల వేగం వల్లే.

కానీ బల్ల సమానంగా లేదు. మెజ్రిక్‌కి ముఖ్యంగా కథ చెప్పింది సావెరిన్, 2009లో సెటిల్ అయ్యాక అతనూ మాట్లాడ్డం మానేశాడు. సినిమా చూసినవాళ్ళకి ఎక్కువ జాలి అతని మీదే కలిగిందంటే ఆశ్చర్యం లేదు.

ఇంక మొదటి సీన్. ఎరికా అనే అమ్మాయి జుకర్‌బర్గ్‌ని వదిలేసి వెళ్ళింది, ఆ కసిలోంచే అన్నీ పుట్టాయి అన్నట్టు ఉంటుంది. ఏ వాంగ్మూలంలోంచీ వచ్చిన సీన్ కాదది. జుకర్‌బర్గ్, తర్వాత అతని భార్య అయిన ప్రిసిల్లా చాన్ 2003 నుంచే కలిసున్నారు, సినిమాలో ఆమె అసలు లేదు. 2010లో అతను అన్నదీ ఇదే, నా బట్టలు మాత్రం కరెక్ట్‌గా చూపించారు, కానీ ఒకడు తయారు చేయడం ఇష్టమై తయారు చేస్తాడన్న సంగతి వీళ్ళకి ఎక్కట్లేదు అని. ఈ మాటకి సరైన జవాబు నాకు ఇప్పటిదాకా కనపడలేదు. సీన్ రాయడం అద్భుతం, డైలాగ్ నేర్చుకోడానికి ఎన్నిసార్లైనా చదవొచ్చు, కానీ ఒక మనిషి ఎందుకు చేశాడన్న కారణాన్ని రైటరే అంటించేశాడు, గొడవ ఇన్నేళ్ళు బతికున్నది కూడా అక్కడే.

కొత్త సినిమాలో ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపెట్టిన మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హౌగెన్‌గా మైకీ మాడిసన్, జుకర్‌బర్గ్‌గా జెరెమీ స్ట్రాంగ్. ఆ కాగితాలు కంపెనీ సొంతవి, 2021 అక్టోబర్ 5న అమెరికా సెనేట్ కమిటీ ముందు ఆమె చెప్పింది రికార్డులో ఉంది. అదే రోజు జుకర్‌బర్గ్ ఆ ఆరోపణల్ని కాదంటూ పొడుగాటి పోస్ట్ రాశాడు. ఆ పోస్ట్‌కి స్క్రిప్ట్‌లో ఎన్ని పేజీలు దొరికాయో, నేను ముందు చూసేది అదే.