ఆటలమ్మకు వేపమండలు, కరోనాకు గడ్డం కింద మాస్క్

ఇంట్లో పిల్లాడికి ఆటలమ్మ పోసిందంటే గుమ్మానికి వేపమండలు కడతారు. అవి చూశాక చుట్టాలు గడప తొక్కరు. పిల్లాడికి వేరే పక్క, వేరే కంచం. వేపాకు నీళ్ళతో స్నానం చేయించేదాకా ఈ కట్టు ఎవరూ దాటరు. డాక్టర్లు చెప్పేదీ దాదాపు ఇదే: పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా వైరస్ అంటుతుంది, విడిగా ఉంచండి. (దద్దుర్లు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే అది అంటడం మొదలుపెడుతుంది. ఆ సంగతి వేపమండకు తెలియదు.)

ఇంత క్రమశిక్షణ ఉన్న హైదరాబాద్‌లోనే 2020లో మాస్క్ లేనివాళ్ళకు వెయ్యి రూపాయల జరిమానా పెట్టాల్సి వచ్చింది. అయినా చాలామందికి మాస్క్ గడ్డం కిందే ఉండేది, పోలీసు కనిపిస్తే పైకి లేచేది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మిషెల్ గెల్ఫాండ్ బృందం 2011లో 33 దేశాల్లో కట్టుబాట్లు ఎంత బిగువుగా ఉన్నాయో, అంటే వాటిని దాటినవాళ్ళను సమాజం ఎంత తక్కువగా సహిస్తుందో కొలిచింది. అందులో భారత్ బాగా బిగువైన దేశాల్లో ఒకటి. కరోనా మొదటి ఏడాది లెక్కలతో అదే బృందం 57 దేశాలను పోల్చి 2021లో ఫలితాలు ప్రచురించింది. కట్టుబాట్లు సడలుగా ఉన్నచోట, బిగువుగా ఉన్నచోటితో పోలిస్తే, కేసులు సుమారు అయిదు రెట్లు, మరణాలు ఎనిమిది రెట్లకు పైగా ఉన్నాయని తేలింది. మరి మన బిగువు రోడ్డు మీద ఏమైంది? నాకు తోచేది ఒకటే: అది ఇంట్లో, కులంలో, బంధువర్గంలో ఉంటుంది, చౌరస్తాలో ఉండదు. దేశం మొత్తానికి ఒకే మార్కు వేసే సర్వేకు ఈ తేడా అందదు.

పైగా బంధువర్గంలో ఇంకో చిక్కు ఉంది. మనవాళ్ళు అనుకున్నవాళ్ళ నుంచి వచ్చే ప్రమాదం మనకు చిన్నదిగా కనిపిస్తుందని ఆస్ట్రేలియాలో మనస్తత్వ శాస్త్రవేత్త టెగన్ క్రూయిస్ బృందం చూపించింది. పెళ్ళికి యాభై మందే అన్నప్పుడు ప్రతి ఇంట్లో జరిగిన గొడవ వైరస్ గురించి కాదు, మేనత్తను పిలవకపోతే ఎట్లా అని. వచ్చిన మేనత్త ముందు మాస్క్ పెట్టుకుంటే, "మా దగ్గర కూడానా?" అని నిష్ఠూరం. జపాన్‌లో జలుబు చేసినవాడు ఎదుటివాళ్ళ కోసం మాస్క్ పెట్టుకుంటాడు, అది మర్యాద. మన దగ్గర అదే పని అనుమానంలా కనిపించింది.

బోనాల విషయంలో మాత్రం కథ వేరేగా నడిచింది. 1813లో జంటనగరాల్లో ప్లేగు ప్రబలినప్పటి మొక్కుతో ఈ పండుగ మొదలైందని చెబుతారు. 2020లో గుళ్ళలో పూజారులే పూజలు జరిపారు, భక్తులను ఇళ్ళలోనే బోనం వండుకోమన్నారు. అమ్మవారికి ఇంట్లో పెట్టినా చెల్లుతుందని ఒప్పించడం, మేనత్తను ఒప్పించడం కంటే తేలికే.