అమెరికా అప్పు, ఔట్‌సోర్సింగ్: రెండు ఖాతాలను ఒకటిగా కలిపేసే అపోహలు

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ల జీతాల్లో చాలా భాగం డాలర్లలో మొదలై రూపాయల్లో చేతికొస్తుంది. అందుకే మారతహళ్లిలోనైనా ఎలక్ట్రానిక్ సిటీలోనైనా నలుగురు కూర్చున్నారంటే అమెరికా అప్పు మాట రాక మానదు. పనులన్నీ బయటికి పంపేసుకుంది, అప్పుల మీద బతుకుతోంది, ఇవాళో రేపో కూలుతుంది అనే దగ్గర ఆ మాటలు ఆగుతాయి. విదేశీ కంపెనీల ఇక్కడి సెంటర్లకు ఖర్చు లెక్కలు కట్టడం, వాటి డాలర్ నిధులు చూడడం మా పని. ఆ లెక్కలు చూసేవాళ్లకు ఒకటి స్పష్టంగా కనబడుతుంది. ప్రభుత్వ అప్పు ఒక ఖాతా, ఔట్‌సోర్సింగ్ ఇంకో ఖాతా. అవి ఎక్కడ కలుస్తాయో తెలియకపోతే అక్కర్లేని భయం, అక్కర్లేని ధీమా రెండూ పుడతాయి.

అపోహ: ఉద్యోగాలు మనకు పంపినందుకే అమెరికా అప్పులపాలైంది

ముందు ప్రభుత్వ ఖాతా చూద్దాం. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ప్రభుత్వానికి వచ్చింది దాదాపు 4.9 లక్షల కోట్ల డాలర్లు, ఖర్చు పెట్టింది దాదాపు 6.75 లక్షల కోట్లు. తేడా 1.8 లక్షల కోట్లకు పైనే. ఖర్చులో వృద్ధుల పెన్షన్లకు దాదాపు లక్షన్నర కోట్లు పోయింది. మెడికేర్, మెడికెయిడ్ వైద్య పథకాలకు మరో లక్షన్నర కోట్లు. తర్వాత వడ్డీ, రక్షణ. మొత్తం అప్పు 2024 నవంబరులో 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2001, 2003, 2017ల్లో పన్నులు తగ్గించారు. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాలు చేశారు. 2008 సంక్షోభం, ఆ తర్వాత కోవిడ్ వచ్చిపడ్డాయి. అప్పు పెరిగిన దారి ఇది.

ఇంకో సంగతి. 1998 నుంచి 2001 దాకా వరసగా నాలుగేళ్లు అమెరికా బడ్జెట్ మిగులులో ఉంది. వైటూకే పనితో, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిదిద్దే పనితో, మన సాఫ్ట్‌వేర్ ఎగుమతులు ఊపందుకున్న రోజులు అవే. ఔట్‌సోర్సింగ్ వల్లే అప్పు పెరుగుతుందనుకుంటే, ఆ నాలుగేళ్ల మిగులు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

పరిమాణం కూడా పోల్చి చూడండి. 2023-24లో దేశం మొత్తంలోని జీసీసీల (విదేశీ కంపెనీలు ఇక్కడ సొంతంగా నడిపే సెంటర్ల) ఆదాయం దాదాపు 6,460 కోట్ల డాలర్లు, వాటిలో పనిచేసేవారు దాదాపు 19 లక్షల మంది. అమెరికా లోటు 1,80,000 కోట్ల డాలర్లు. నాలుగు శాతం కూడా కాదు. పైగా ఆ సొమ్ము అక్కడి కంపెనీల జేబులోది, ఖజానాలోది కాదు.

ఈ రెండు ఖాతాలూ నిజంగా కలిసే చోట్లు రెండున్నాయి. మొదటిది పన్ను. 2017 చట్టం ప్రకారం 2022 నుంచి పరిశోధన, సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఖర్చును అమెరికా కంపెనీలు ఒకేసారి తీసేసుకోకూడదు. అమెరికాలో చేసిన పనికైతే 5 ఏళ్లకు, బయట చేయించిన పనికైతే 15 ఏళ్లకు పంచాలి. 2025 జూలై చట్టం అమెరికాలో చేసిన పనికి పాత వెసులుబాటు తిరిగిచ్చింది. బయటి పనికి 15 ఏళ్లు అలాగే ఉంచింది. లెక్క ఏడాది మధ్య నుంచి మొదలవుతుంది కాబట్టి, ఇక్కడ 300 డాలర్ల అభివృద్ధి పని చేయిస్తే మొదటి ఏడాది 10 డాలర్లే ఖర్చుగా చూపాలి. ఆ తర్వాత 14 ఏళ్లు ఏటా 20, చివర 10. 21 శాతం పన్ను రేటు మీద, అదే పని అమెరికాలో చేయిస్తే తొలి ఏడాది 63 డాలర్ల పన్ను తగ్గుతుంది, ఇక్కడ చేయిస్తే 2 డాలర్ల 10 సెంట్లు. ఖాతాలు రాయడం, కాల్ సెంటర్ లాంటి పనులకు ఈ నిబంధన తగలదు. సెంటర్ పెట్టేటప్పుడు ఈ వరస మరిచిపోయి లెక్క కట్టినవాళ్లు మూడో ఏడాది ఇబ్బంది పడతారు.

రెండోది డాలర్ ప్రయాణం. 2024లో సరుకుల వ్యాపారంలో అమెరికా లోటు దాదాపు 1.2 లక్షల కోట్ల డాలర్లు. అలా బయటికెళ్లిన డాలర్లు అమ్మినవాళ్ల దగ్గర ఊరికే ఉండవు. అమెరికా బాండ్లు, షేర్లు, భూములు కొనడానికి తిరిగి అక్కడికే చేరతాయి. చవక సరుకు, చవక అప్పు ఒకే బండికి రెండు చక్రాల్లా నడిచాయి. సేవల్లో మాత్రం లెక్క తలకిందులు. మన రంగంతో కలిపి చూసుకున్నా 2024లో అమెరికాకు దాదాపు 0.3 లక్షల కోట్ల డాలర్ల మిగులు వచ్చింది. క్లౌడ్, లైసెన్సులు, బ్యాంకింగ్, మన పిల్లలు కట్టే కాలేజీ ఫీజులు అన్నీ అందులోవే.

అపోహ: ఆ అప్పంతా చైనా చేతిలో ఉంది

లేదు. అప్పులో విదేశాల వాటా సుమారు నాలుగో వంతు. వాటిలో పెద్దది జపాన్, లక్ష కోట్ల డాలర్ల పైన. చైనా దగ్గర 2013 ప్రాంతంలో 1.3 లక్షల కోట్లుండేవి, ఇప్పుడు 80 వేల కోట్ల లోపే. మిగతా అప్పంతా అమెరికన్లకే బాకీ. పెన్షన్ నిధులు, మ్యూచువల్ ఫండ్లు, బ్యాంకులు, అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్, ప్రభుత్వ ట్రస్టు నిధులే అప్పిచ్చినవాళ్లు.

అపోహ: ఇంత అప్పు తీర్చలేక దివాలా తీస్తుంది

దేశాలు గడువు తీరిన బాండును కొత్త బాండుతో మారుస్తాయి. అసలును తీర్చేసి చేతులు దులుపుకునే దేశాలు అరుదు. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిసేనాటికి బ్రిటన్ అప్పు దాని జీడీపీకి రెండింతలు. ఆ తర్వాత నూరేళ్లు ప్రపంచాన్ని ఏలింది ఆ బ్రిటనే. 1946లో అమెరికా ప్రభుత్వం తన సొంత ట్రస్టు నిధులకు కాక మిగతావాళ్లకు బాకీ ఉన్నది జీడీపీలో 106 శాతం, 1974కి అది 23 శాతానికి దిగింది. అప్పు కట్టేసి కాదు. ఆర్థిక వ్యవస్థ అప్పుకన్నా వేగంగా పెరిగింది, ధరల పెరుగుదల పాత అప్పు విలువను అరగదీసింది.

అందుచేత అసలు కన్నా వడ్డీని చూడాలి. ఒక్క బాండు తీసుకుని చూస్తే విషయం తెలుస్తుంది. 2020 ఆగస్టులో అమ్మిన పదేళ్ల ట్రెజరీ నోటు మీద వడ్డీ 0.625 శాతం. వెయ్యి డాలర్ల నోటుకు ఆర్నెల్లకోసారి 3 డాలర్ల 12 సెంట్లు. 2030 ఆగస్టులో గడువు తీరినప్పుడు 4 శాతానికి తిరిగి అప్పు చేస్తే, అదే వెయ్యికి ఆర్నెల్లకు 20 డాలర్లు. కొత్తగా ఒక్క డాలరు ఖర్చు పెట్టకుండానే వడ్డీ ఆరు రెట్లు దాటింది. రెండేళ్ల నోట్లకు ఈ దెబ్బ ముందే తగిలింది. 2021లో 0.125 శాతానికి ఇచ్చినవి 2023లో 4 శాతం పైన మారాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో నికర వడ్డీ సుమారు 88 వేల కోట్ల డాలర్లు. రక్షణ ఖర్చును దాటేసింది, ప్రభుత్వానికి వచ్చిన ప్రతి వంద డాలర్లలో దాదాపు 18 తినేసింది. మనం భయపడాల్సిన అంకె ఇదే. దివాలా ఒక్క రోజులో వచ్చే పిడుగు, ఇది ఇంటి గోడకు పట్టే చెద. వంతెనలకు, పరిశోధనకు పోవాల్సిన డబ్బు ఏటా కొంచెం కొంచెంగా ఇటు మళ్లుతుంది.

జబ్బు ముదురుతోందో లేదో వేలంలో తెలుస్తుంది. ఖజానా శాఖ ఎంత అమ్ముతుందో ముందే చెబుతుంది. కొనేవాళ్లు ఎంత రాబడికి కొంటామో రాసిస్తారు. తక్కువ రాబడి అడిగినవాళ్ల నుంచి పైకి లెక్కిస్తూ, అమ్మాల్సిన మొత్తం పూర్తయిన చోట గీత గీస్తారు. గెలిచినవాళ్లందరికీ ఆ చివరి రేటే. ప్రైమరీ డీలర్లు (ఫెడ్‌తో నేరుగా లావాదేవీలు జరిపే పెద్ద బ్యాంకులు, బ్రోకర్ సంస్థలు) ప్రతి వేలంలోనూ పాల్గొని తీరాలి, కాబట్టి బాండ్లు అమ్ముడుపోక మిగిలే పరిస్థితి చాలా దూరం. చూడాల్సింది ఆ చివరి రేటు, వేలానికి నిమిషం ముందు మార్కెట్లో నడిచిన రేటు కన్నా ఎంత ఎక్కువ తేలిందని. ఆ తేడాను టెయిల్ అంటారు. ఒకసారి పెరిగితే పట్టించుకోనక్కర్లేదు. నెలల తరబడి పదేళ్లు, ముప్పయ్యేళ్ల వేలాల్లో పెరుగుతూ పోతే, డీలర్ల చేతిలో మిగిలేది ఎక్కువవుతుంటే, అప్పిచ్చేవాళ్లు వెనకాడుతున్నారని అర్థం.

అప్పు పరిమితి మీద అక్కడి కాంగ్రెస్‌లో జరిగే కొట్లాట వేరే విషయం. డబ్బులేక కాదు, అనుమతి లేక చెల్లింపు ఆగే ప్రమాదం అది. 2011లో రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ అమెరికా రేటింగ్ తగ్గించింది ఆ కొట్లాట తర్వాతే. 2023లో ఫిచ్, 2025 మేలో మూడీస్ అదే దారి పట్టాయి.

అపోహ: ఫ్యాక్టరీలను చైనా పట్టుకుపోయింది, అమెరికాలో తయారీయే లేదు

తయారీలో అమెరికా ఇప్పటికీ ప్రపంచంలో రెండో స్థానం. పోయింది ఉద్యోగాలు. 1979లో తయారీ రంగంలో దాదాపు 1.95 కోట్ల మంది ఉండేవారు, 2010కి 1.15 కోట్లు మిగిలారు. అందులో యంత్రాల పాత్ర పెద్దదే, చైనా రాకముందే ఈ కోత మొదలైంది. ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో పెద్ద ఉక్కు మిల్లు మూసి సుమారు 5,000 మందిని ఇంటికి పంపింది 1977 సెప్టెంబరులో. చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది 2001 డిసెంబరులో.

అలాగని చైనా దెబ్బ చిన్నది కాదు. 1999, 2011 మధ్య చైనా దిగుమతుల వల్ల పోయిన ఉద్యోగాలు 20 లక్షలకు పైనే అని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ నష్టం దేశమంతా పరుచుకోలేదు. ఫర్నిచర్, బట్టల మిల్లుల మీద బతికే ఊళ్ల మీద కుప్పగా పడింది. ఉద్యోగం పోయినవాళ్లు వేరే ఊరికి వెళ్లి కుదురుకుంటారన్న పాఠ్యపుస్తకాల అంచనా తప్పింది. చాలామంది అక్కడే ఉండిపోయారు. చవక వస్తువుల లాభం దేశమంతా పంచుకుంది, నష్టం కొన్ని ఊళ్లే మోశాయి. వాళ్లకు శిక్షణ, ఊళ్లకు పెట్టుబడి సమకూర్చకపోవడం అక్కడి ప్రభుత్వాల తప్పే, అందులో రెండో మాట లేదు.

2009 నాటి ఐఫోన్ 3జీ విడిభాగాలు, కూర్పు కలిపి తయారీ ఖర్చు 178 డాలర్ల 96 సెంట్లు. అందులో చైనాలో కూర్చినందుకు దక్కింది ఆరున్నర డాలర్లు. లాభం అమెరికాలోనే ఉండిపోయింది, అందుకే ఎవరికీ దిగులు పుట్టలేదు. కానీ ఆ ఆరున్నర డాలర్ల పని చుట్టూ అచ్చులు కోసేవాళ్లు, స్క్రూలు, తెరలు, బ్యాటరీలు చేసేవాళ్లు అంతా ఒకచోట చేరారు. పదేళ్లలో అదొక మహావృక్షం అయింది. ఇప్పుడు దేవనహళ్లి, నరసాపుర దగ్గర ఫోన్లు కూర్చే పని కర్ణాటకకు వచ్చినా, చుట్టూ ఆ విడిభాగాల తోట పెరిగేదాకా మనకూ మిగిలేది కూలే.

అపోహ: ఇక్కడ చేయిస్తే నాలుగో వంతు ఖర్చుకే అయిపోతుంది

జీతం ఒక్కటే చూసేవాళ్ల మాట ఇది. ఉదాహరణకు, అమెరికాలో ఒక ఇంజనీరుకు అన్నీ కలిపి 100 డాలర్లనుకుందాం. ఇక్కడ జీతం 30. పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా, బోనస్ 5. సీటు, నెట్‌వర్క్, ల్యాప్‌టాప్, లైసెన్సులు 9. మేనేజర్లు, హెచ్ఆర్, ఆడిట్ 6. ఇప్పటికే 50 అయింది. దీని మీద మాతృసంస్థ 15 శాతం మార్జిన్ ఇస్తుందనుకుంటే 57.5. ఆ ఏడున్నర గ్రూపులోనే ఉంటుంది, మీద పడే 25.17 శాతం పన్ను, అంటే సుమారు 1.9 మాత్రం నిజంగా బయటికి పోతుంది. పని అప్పగించే మూడు నుంచి ఆరు నెలలు రెండు చోట్లా జీతాలివ్వాలి. నేర్చుకున్నవాళ్లు రెండేళ్లకు మానేస్తే మళ్లీ మొదటికి. అటువైపు సమన్వయానికి ఒకరుండాలి. చివరికి మిగిలేది వందకు 30, 35. అదేం తక్కువ కాదు. కానీ 75 మిగులుతుందని బోర్డుకు చెప్పి మొదలుపెట్టినవాళ్లు రెండో ఏడాది నాణ్యత మీద కోత వేస్తారు, చెడేది అక్కడే.

అసలు నష్టం ఏ కాలమ్‌లోనూ పడదు. ముందుగా బయటికి వచ్చేది టెస్టింగ్, చిన్న మార్పులు, నివేదికలు, అంటే కొత్తగా చేరినవాళ్లు పని నేర్చుకునే మెట్లు. పదేళ్లు గడిచాక అక్కడ సీనియర్లు రిటైరవుతారు, వాళ్ల కుర్చీలో కూర్చోవడానికి కింది నుంచి ఎక్కి వచ్చినవాళ్లుండరు. బోయింగ్ 787 సంగతి అందరికీ తెలిసిందే. విమానంలో పెద్ద పెద్ద భాగాల డిజైను, తయారీ సరఫరాదారులకు వదిలేశారు. భాగాలు సగం పనితో వచ్చాయి, బిగించే ఫాస్టెనర్లకు కొరత వచ్చింది. 2008 మేలో ఇస్తామన్న మొదటి విమానం 2011 సెప్టెంబరులో చేతికందింది. చివరకు 2009లో సౌత్ కరోలినాలోని ఒక సరఫరాదారు ప్లాంటును బోయింగే కొనుక్కోవాల్సి వచ్చింది. ఓడల సంగతి ఇంకా ఘోరం. ప్రపంచంలో కట్టే వాణిజ్య నౌకల్లో సగానికి పైగా చైనావి, అమెరికా వాటా ఒక శాతం కూడా లేదు. అప్పును వేలంలో తిప్పుకోవచ్చు గానీ, పోయిన చేతిపనిని వేలంలో కొనలేరు.

అపోహ: పౌండుకు పట్టిన గతే డాలర్‌కు రేపే పడుతుంది

ఒకప్పుడు ప్రపంచ వ్యాపారమంతా నడిచిన పౌండు ఒక్క రోజులో దిగలేదు. 1946లో బ్రిటన్ అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు అప్పు తీసుకుంది. 1949లో పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80కి, 1967లో 2.40కి దించింది. 1956 సూయెజ్ కాలువ గొడవలో అమెరికా ఆర్థిక సాయం ఆపితే సైన్యాన్ని వెనక్కి పిలిపించుకుంది. ఆ 1946 అప్పు చివరి వాయిదా కట్టింది 2006 డిసెంబరులో. బ్రిటన్‌ను లొంగదీసింది వేరే దేశపు కరెన్సీలో ఉన్న బాకీ. అమెరికా బాకీ సొంత డాలర్లలో ఉంది. దేశాల విదేశీ మారక నిల్వల్లో డాలర్ వాటా 1999లో 71 శాతం, 2024లో సుమారు 58. తగ్గుతోంది నిజమే, పాతికేళ్లలో 13 శాతం పాయింట్లు.

అపోహ: రూపాయి పడితే బెంగళూరులో జీతాలు పెరుగుతాయి

జీసీసీలో అలా జరగదు. బిల్లు ఇక్కడి రూపాయి ఖర్చు మీద మార్జిన్ వేసి పంపుతారు. ఏడాదికి 8 కోట్ల ఖర్చుండే టీముకు డాలర్ 80 ఉన్నప్పుడు మాతృసంస్థ పెట్టేది 10 లక్షల డాలర్లు, 88 అయితే 9.09 లక్షలు. మిగిలిన డాలర్లు అటే ఉంటాయి. గంటల లెక్కన డాలర్లలో బిల్లు చేసే సర్వీసు కంపెనీల్లో లాభం కంపెనీకి చేరుతుంది, ముందే హెడ్జ్ చేసి (డాలర్ రేటును ముందుగా ఖాయం చేసుకుని) ఉంటే అందులోనూ కొంతే. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా చాలా అమెరికా కంపెనీలు వచ్చే ఏడాది బడ్జెట్లు తేలుస్తాయి. ఆ నెలల్లో పదేళ్ల ట్రెజరీ రాబడి గట్టిగా పెరిగితే వాటికీ అప్పు ఖరీదవుతుంది, కొత్త ప్రాజెక్టులు ముందు ఆగుతాయి. వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాటుకు ఇరవయ్యేళ్ల లోన్ తీసుకునేవాళ్లు డాలర్ రేటు బదులు ఆ రాబడిని చూసుకుని, ఆరు నెలల ఈఎంఐ విడిగా పెట్టుకుని సంతకం చేయడం మంచిది.