బుట్టదాఖలైన ఆ గుడ్డ సంగతి

బందరు,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి చిట్టితల్లికి, దాని జట్టులోని మిగతా ముగ్గురికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. హైదరాబాదులో మీరూ, మీ అమ్మానాన్నలూ క్షేమమని తలుస్తాను.

మీ ప్రాజెక్టు రికార్డులు మూడూ చిట్టితల్లి వాళ్లమ్మ వాట్సాప్‌లో పంపింది. ఫోనులో చదువుతుంటే కళ్లు లాగేసరికి, పక్కింటి కుర్రాడి చేత ప్రింటు తీయించుకుని మరీ చదివాను. డ్రాయింగుకి కలంకారీ మామిడి పిందె, కెమిస్ట్రీకి సహజ రంగులు, హిస్టరీకి బందరు రేవు వ్యాపారం. ఒక్క గుడ్డతో మూడు సబ్జెక్టులూ గట్టెక్కేద్దామనుకున్నారు. మంచి ఆలోచనే. కానీ మూడు రికార్డుల చివర 'ప్రతిస్పందన' అని ఉన్నచోట మూడింటిలోనూ ఒకే మాట రాశారు: "ఈ ప్రాజెక్టు ద్వారా మేము ఎన్నో విషయాలు నేర్చుకున్నాము. మాకు చాలా ఆనందం కలిగినది." ఆ 'కలిగినది' చూసి నవ్వొచ్చింది. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా?

ఫోన్‌లో చిట్టితల్లి చెప్పింది వేరే. మొదటి గుడ్డ పాడైందట. ఎర్రగా రావాల్సిన మామిడి పిందె బూడిద కలిసిన ఊదారంగులోకి తిరిగిందట. గీతలు చెదిరాయట, గుడ్డంతా పొగచూరినట్టు అయిందట. దాన్ని చెత్తబుట్టలో పడేసి, కొట్లో కలంకారీ చున్నీ కొని, ముక్క కత్తిరించి చార్టుకి అంటించారు. టెన్షన్‌లో అంతకన్నా ఏమీ తోచి ఉండదు, తిట్టను. అయితే ఆ పాడైన గుడ్డ గురించి రికార్డుల్లో ఒక్క ముక్క కూడా లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచారు, బాగుంది. కరక్కాయ కొరికితే నోరు వగరెక్కుతుంది చూడండి, ఆ వగరే టానిన్. అది నూలుపోగుల్ని పట్టుకుని కూర్చుంటుంది. దాని మీద ఇనుము కలిసిన నీళ్లు పడితే రెండూ కలిసి నలుపవుతుంది. గాలి తగిలేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అద్దకం వాళ్లు ఆ ఇనుప నీళ్లను కసిం అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తారు. బెల్లం పులిసి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. మీరు నాలుగు రోజులకే తీసేశారు. వాసనకి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చి అడిగాడట కదా, మీ అవస్థ నాకు తెలుసు. అయినా నాలుగు రోజుల్లో కరిగిన ఇనుము ఎంత? అందుకే మీ నలుపు పలుచనగా వచ్చింది.

ఇక ఎరుపు. పటిక నీళ్లతో మామిడి పిందె లోపల పూత పూసి, ఎర్రరంగు ఇచ్చే మంజిష్ఠ వేరు వేసి ఉడికించారు. పటికకి రంగు లేదు. కానీ పటికలోని అల్యూమినియం ఒక చేత్తో గుడ్డను, ఇంకో చేత్తో రంగును పట్టుకుంటుంది. ఉడికించినప్పుడు పటిక ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది, లేనిచోట ఉతుకులో పోతుంది. ఆ పట్టుకునేది అల్యూమినియమైతే ఎరుపు. మరి ఇనుమైతే? అదే రంగు ఊదాగానో ముదురు గోధుమగానో మారిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, దేంట్లో ఉడికించారు? ఇనుప మూకుట్లో! చిట్టితల్లి ఈ మాట చెప్పగానే నాకు విషయం తెలిసిపోయింది. కరక్కాయ వగరు మూకుడు నుంచి ఇనుమును కొంచెం కొంచెం లాగింది. ఆ ఇనుము పటిక ఉన్నచోట దూరి ఎరుపును ఊదా చేసింది, మిగతాచోట టానిన్‌తో కలిసి పొగచూరు రంగు పట్టించింది. అంటే మీ గుడ్డ పాడైపోలేదు. మీరు అడగని ప్రశ్నకి సరైన జవాబు చెప్పింది, అంతే. అదే గుడ్డలో సగం స్టీలు గిన్నెలో, సగం ఇనుప మూకుట్లో ఉడికించి పక్కపక్కన అంటించి ఉంటే, మీ క్లాసులో అంతకన్నా మంచి ప్రాజెక్టు ఉండేది కాదు.

ఒకటి ఇంట్లోనే చేసి చూడండి. టీ డికాషన్‌లో కాసిని తుప్పు నీళ్లు పోయండి, నల్లగా తిరుగుతుంది. దాన్ని పాతగుడ్డ మీద చుక్కపెట్టి ఆరాక నిమ్మరసం పిండండి. నలుపు వెలిసిపోతుంది. ఎందుకో నేను చెప్పను, మీ సారునడగండి. స్కూలు యూనిఫాం మీద మాత్రం చేయకండి. నా చిన్నప్పుడు ఒకసారి తెల్ల జాకెట్టు మీద ఆ చుక్క పడి, మా అమ్మ చేత తిన్న చీవాట్లు ఇప్పటికీ గుర్తే.

గీతలు ఎందుకు చెదిరాయో కూడా రాయలేదు మీరు. కరక్కాయ నీళ్లలో గేదెపాలు కలపమని, మీరు ఫోన్ చేసి అడిగిన పెడన అద్దకం పెద్దాయన చెప్పారు, మీరు ప్యాకెట్ పాలు కలిపారు. అందులోనూ డబుల్ టోన్డ్. వాటిలో వెన్న 1.5 శాతం, మన గేదెపాలలో 6, 7 శాతం దాకా ఉంటుంది. ఆ జిడ్డే రంగు పక్కకి పాకకుండా ఆపేది. పైగా గుడ్డను బకెట్‌లో జాడించారు. గుడ్డకి అంటని కసిం, పటిక అంతా బకెట్‌లోనే తిరిగి మళ్లీ తెల్లటి చోట్ల చేరింది. కాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున, పెడనలో కాలవ గట్టున అద్దకాలు వెలిశాయంటే ఊరికే కాదు. పారే నీళ్లయితే వదిలిన రంగును వెంటనే మోసుకుపోతాయి.

డ్రాయింగు గురించి నేను చెప్పగలిగింది తక్కువ, నాకు సున్నా కూడా గుండ్రంగా రాదు. ఒక్క మాట మాత్రం. మీరు పెన్సిలుతో గీసి, స్కెచ్ పెన్నులతో నింపి "కలంకారీ శైలి" అని రాశారు. కాళహస్తిలో చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీస్తారు. కలం అంటే వెదురు పుల్ల, దాని మెడకి ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారం కడతారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే దిగుతుంది. ఎంత నొక్కితే ఎంత దిగుతుందో వేలికే తెలియాలి. ఇంకో కష్టం కూడా ఉంది. పటిక పూసేటప్పుడు ఎరుపు కనబడదు. ఉడికాక ఎక్కడ ఎరుపు తేలుతుందో మనసులో చూసుకుంటూ పూయాలి. పూర్వం మన తెలుగులో దీన్ని వ్రాతపని అనేవారు. చిట్టితల్లి చేసిన ఆ పాడైన గుడ్డలో ఒకచోట గీత లావుగా, ఒకచోట సన్నగా ఉందట. కొన్న చున్నీలో అన్ని పిందెలూ ఒకే అచ్చు. మీ డ్రాయింగ్ టీచర్‌కి ఏది చూపించాల్సింది?

హిస్టరీ చార్టు చూసి మాత్రం పగలబడి నవ్వాను, ఏమీ అనుకోకండి. "1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో ఫ్యాక్టరీ స్థాపించారు" అని రాసి, పక్కన రెండు పొగగొట్టాలున్న పెద్ద మిల్లు బొమ్మ వేశారు! పొగ కూడా చక్కగా మెలికలు తిప్పారు. అప్పటికి ఆవిరి యంత్రాలే లేవు కదమ్మా. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే కంపెనీ ఏజెంట్లు ఉండే ఇల్లు, సరుకు దాచే గోదాము. ఆ ఏజెంటునే ఫ్యాక్టర్ అనేవారు. అతనుండే చోటు ఫ్యాక్టరీ. మీది వర్తక స్థావరం, మిల్లు కాదు. ఈ తప్పు మా రోజుల్లోనూ పిల్లలు చేసేవారు, పెద్దవాళ్లూ చేస్తారు.

మీరు రాసింది మిగతాది సరిగానే ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీలకి బందరు పెద్ద రేవు, డచ్చివాళ్లు 1605లో వచ్చారు, ఇంగ్లీషువాళ్లు 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చారు. కానీ మన బట్ట అక్కడికి పోయాక ఏమైందో రాయలేదు, రుచంతా అక్కడే ఉంది. ఉతికినా రంగు పోని నూలుబట్ట ఐరోపావాళ్లు ఎరగరు. ఎగబడి కొన్నారు. అక్కడి నేతగాళ్ల కడుపు మండింది. ఫ్రాన్సు 1686లో ఈ అద్దకం బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. 1719లో లండన్ వీధుల్లో నేతపనివాళ్లు అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. మన కరక్కాయ, పటిక అంత పని చేశాయన్నమాట.

కొనడం నిషేధించారు గానీ, నేర్చుకోవడం మానలేదు. కోరమాండల్ తీరంలో ఉన్న కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ 1742లో ఈ అద్దకం ఎలా చేస్తారో వరసగా రాసి స్వదేశానికి ఉత్తరం పంపాడు. కరక్కాయ, పాలు, కసిం, ఎరుపునిచ్చే వేరు, ఉతుకు, ఎండ, అన్నీ. తన మతంలో చేరిన అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకున్నాడు. చదువుకున్న మనిషి, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూడా కూర్చాడు. ఆయన ఉత్తరాన్ని చరిత్రకారులు ఇప్పటికీ చదువుతున్నారు. ఆయన పేరు మనకి తెలుసు. చేతులు నీళ్లలో నానబెట్టుకుని ఆ పని చేసి చూపించి, చెప్పినవాళ్ల పేర్లు? నేను చదివినంతలో ఎక్కడా కనబడలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ రికార్డు చివరి పేజీలో యూట్యూబ్ లింకులు ఐదు ఉన్నాయి. పెడనలో పెద్దాయన ఫోన్‌లో గంటసేపు ఓపిగ్గా చెప్పారు, పాల సంగతి కూడా ఆయనే చెప్పారు. ఆయన పేరు ఎక్కడుంది?

రంగుల కథలో ఇంకో సంగతి ఉంది, పొడుగు చేయకుండా చెబుతాను. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు ఈస్టర్ సెలవుల్లో ఇంట్లోనే మలేరియా మందు క్వినైన్ తయారు చేద్దామని కూర్చున్నాడు. వచ్చింది నల్లటి మడ్డి. కడుగుదామని ఆల్కహాల్ పోస్తే ఊదారంగు తేలింది. మొట్టమొదటి కృత్రిమ రంగుల్లో అదొకటి, దాంతోనే పెద్ద పరిశ్రమ లేచింది. మీ ఊదా, అతని ఊదా ఒకటి కాదు సుమా, మళ్లీ చార్టు మీద రాసేయకండి. పన్నెండేళ్లకి జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు అలిజరిన్‌ను ప్రయోగశాలలో చేశారు. మన తీరంలో ఇసుకనేలల్లో తవ్వి తీసే చిరివేరులో ఎరుపునిచ్చేది ఆ అలిజరినే. చౌకగా చేసే పద్ధతికి 1869లో పెర్కిన్ పేటెంట్ వేస్తే, జర్మన్లు ఒక్కరోజు ముందే వేసేశారు. ఇక వేరు తవ్వేవాళ్ల పని ఏమవుతుంది? ఇప్పుడు పెడనలోనూ చాలాచోట్ల ఎరుపుకి వాడేది కొన్న అలిజరినే. మీరు సహజ రంగులని రాసిన ఆ చున్నీ సంగతి కూడా ఒకసారి కొట్టువాణ్ణి అడగండి.

మిమ్మల్ని ఇంతగా అడుగుతున్నాను గానీ, నేనేమంత గొప్ప టీచర్నని కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడు సబ్బు తయారీ ప్రాజెక్టు అని గిన్నెడు జావలాంటిది తెచ్చాడు. గట్టిపడలేదు. పక్కవాడు కొన్న సబ్బును చాకుతో చెక్కి, పేరు చెరిపి తెచ్చాడు. నాకు తెలుసు, అయినా చూడ్డానికి బాగుందని వాడికే ఎక్కువ మార్కులు వేశాను. జావ తెచ్చినవాడు మూడు రాత్రులు నూనె, సోడా కొలతలు మార్చి మార్చి రాసుకున్న కాగితం జేబులో ఉండిపోయింది. నేను అడగలేదు, వాడు చూపించలేదు. ఏడాది చివర ఎప్పుడో బయటపడింది. అప్పటికి మార్కులు పంపించేశాను.

మీ మూడు రికార్డులూ ఇంకా స్కూల్లో ఇవ్వలేదని విన్నాను, శుక్రవారం దాకా టైముందట. 'ప్రతిస్పందన' పేజీలు మూడూ చింపేసి మళ్లీ రాయండి. మూకుడు సంగతి కెమిస్ట్రీలో, పాల సంగతి డ్రాయింగులో, పొగగొట్టం సంగతి హిస్టరీలో. బొమ్మ చెరపకండి, పక్కనే రాయండి. గుడ్డ బుట్టలోంచి తీశారో, మునిసిపాలిటీ బండి ఎక్కించారో చిట్టితల్లి చెప్పలేదు. ఉంటే ఉతికి ఆరేసి, చున్నీ ముక్క పక్కనే అంటించండి.

రేపు మీ తాతయ్య పెడన వెళుతున్నారు. ఆ పెద్దాయనను కలిసి, పేరు రాసుకోవచ్చా అని అడిగి, సరేనంటే సాయంత్రం ఫోన్ చేసి చెబుతారు. కరక్కాయలు కిలో, మంజిష్ఠ పావుకిలో పార్సిల్ చేస్తున్నాను. బందరు లడ్డూలు కూడా పెట్టాను, కానీ విడిగా కట్టాను. మంజిష్ఠ పొడి అంటితే లడ్డూ ఎర్రబడుతుంది, దానికి పటిక కూడా అక్కర్లేదు.

ఇట్లు,
మీ అమ్మమ్మ

తా.క.: ఈసారి స్టీలు గిన్నెలో ఉడికించండి. మూకుడు మీ అమ్మకి ఇచ్చేయండి, నన్ను తిడుతోంది.