సంక్రాంతి నెలల్లో పసిపిల్లల విరేచనాలు: వార్డు లెక్క ఏం చెబుతుంది, ఎక్కడ తప్పుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లల వార్డులకు విరేచనాల కేసులు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. అయితే వానల్లో వచ్చేవీ, సంక్రాంతికి ముందూ వెనకా వచ్చేవీ ఒకటి కావు. వానాకాలంలో మంచినీటి పైపులోకి మురుగు చేరితే చిన్నా పెద్దా తేడా లేకుండా వీధి వీధంతా మంచాన పడుతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో పెద్దవాళ్లతో సహా ఎంతోమంది ఒకేసారి అతిసారం బారిన పడ్డారు, ప్రాణాలూ పోయాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కనిపించే తీరు వేరు. ఇంట్లో అందరూ బాగానే ఉంటారు, పది నెలల బిడ్డ ఒక్కడే తాగిన పాలు కక్కడం మొదలుపెడతాడు. ఒళ్లు వెచ్చబడుతుంది. మర్నాటికి నీళ్లలా బేదులు, రోజుకు ఎనిమిది పది సార్లు. అందులో రక్తం ఉండదు. రెండో రోజుకు కళ్లు లోపలికి పోతాయి, ఉచ్చ తగ్గిపోతుంది.

"పళ్లొస్తున్నాయి కదండీ, అందుకే" అని ఇళ్లలో సరిపెట్టుకుంటారు. పళ్లొచ్చే వయసూ, తల్లి నుంచి అందిన రక్షణ తగ్గిపోయే వయసూ, పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే కాబట్టి అలా అనిపిస్తుంది. పళ్లకు ఇందులో పాత్ర లేదు. అలా సరిపెట్టుకున్న రెండు రోజుల్లోనే బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోతుంది.

ఆసుపత్రి రిజిస్టరులో మాత్రం రెండు రకాలకూ ఒకే పేరు పడుతుంది: అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్. ఆ పేరు వెనక ఏ క్రిమి ఉందో తెలియకపోతే, నీటి ట్యాంకు కడిగించాలో, టీకా కార్డులు వెతికించాలో, వార్డులో మంచాల మధ్య దూరం పెంచాలో జిల్లా యంత్రాంగం తేల్చుకోలేదు. అందుకే వార్డు లెక్క, అంటే చేరిన పిల్లల్లో ఎంతమందికి ఏ క్రిమి వల్ల జబ్బు వచ్చిందో లెక్క కట్టే పద్ధతిని వివరంగా తెలుసుకోవాలి.

చలి నెలల్లో ప్రధాన దోషి రోటావైరస్. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం, విరేచనాలతో ఉన్న పిల్లల చిన్న పేగు ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి దీన్ని గుర్తించింది. చక్రంలా గుండ్రంగా కనిపించడంతో ఆ పేరు వచ్చింది. ఇది చిన్న పేగు గోడల మీది సన్నని వేళ్లలాంటి కణజాలం కొసల్ని దెబ్బతీస్తుంది. నీరూ ఉప్పూ పీల్చుకోవాల్సింది, పాలలోని చక్కెరను అరిగించాల్సింది ఆ కొసలే. పైగా వైరస్ తయారుచేసే ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రోటీన్ విషంలా పనిచేసి పేగులోకి నీరు ఊరేలా చేస్తుంది. రెండూ కలవడంతో బిడ్డ అంత త్వరగా నీరసించిపోతాడు. రోటా తర్వాత నోరోవైరస్, పేగుల్ని పట్టే 40, 41 రకాల ఎడినోవైరస్‌లు, ఆస్ట్రోవైరస్, సాపోవైరస్ వస్తాయి. టీకా వల్ల రోటా తగ్గిన దేశాల్లో నోరోవైరస్ మొదటి స్థానానికి వచ్చింది.

మన దేశంలో టీకాకు ముందు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 40 శాతం మంది మలంలో రోటావైరస్ దొరికింది. ఎక్కువమంది 6 నుంచి 23 నెలల వయసువాళ్లు. శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు బాక్టీరియా అతిసారాన్ని బాగా అణచగలవు కానీ రోటాను అంతగా ఆపలేవు. టీకా రాకముందు ధనిక దేశాల్లోనూ దాదాపు ప్రతి బిడ్డకూ ఐదేళ్లు నిండేలోపు ఇది ఒకసారైనా సోకేది. గ్రాము మలంలో వేల కోట్ల వైరస్ రేణువులు ఉంటాయి. జబ్బు రావడానికి వందలోపు రేణువులు చాలు. గిలక్కాయ మీద, మంచం కమ్మీ మీద, చెయ్యి సరిగ్గా కడుక్కోని అమ్మమ్మ వేళ్ల మీద అన్ని రేణువులు తేలిగ్గా ఉంటాయి.

ఇక లెక్క. 24 గంటల్లో మూడు లేక అంతకంటే ఎక్కువసార్లు పల్చగా అయితేనే కేసు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు రోజుకు ఐదారుసార్లు పల్చగా కావడం మామూలే కాబట్టి "ఎప్పటికంటే ఎక్కువా?" అని అడిగి తీరాలి. రెండు వారాలు దాటిన విరేచనాల్ని ఈ లెక్కలో కలపరు, వాటి కారణాలు వేరు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, బిడ్డ ఆసుపత్రిలో చేరిన 48 గంటల్లోపే మలం నమూనా తీసుకోవడం. రోటావైరస్ సోకినప్పటి నుంచి లక్షణాలు కనబడేదాకా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు చాలు. నాలుగో రోజు తీసిన నమూనాలో వైరస్ కనిపిస్తే, బిడ్డ దాన్ని ఇంటి నుంచి తెచ్చుకున్నాడో పక్క మంచం నుంచి తెచ్చుకున్నాడో చెప్పలేం.

నమూనా తీయడం వినడానికి సులువే కానీ లెక్క ఎక్కువగా చెడేది ఇక్కడే. రోటా విరేచనం నీళ్లలా ఉంటుంది. డైపరు వేస్తే నీరంతా దూదిలోకి ఇంకిపోయి పైన పసుపు మరక మిగులుతుంది. కాబట్టి డైపరును తిరగేసి, ప్లాస్టిక్ వైపు ఒంటికి తగిలేలా కట్టాలి. లేదా గుడ్డ లంగోటా లోపల శుభ్రమైన పలుచటి పాలిథిన్ పరచాలి. ఉచ్చ కలిస్తే నమూనా పల్చబడుతుంది. మగపిల్లలకైతే ఉచ్చ పట్టే సంచీ విడిగా అతికించవచ్చు, ఆడపిల్లల విషయంలో ఓపిక పట్టి వెంటవెంటనే చూసుకోవడం తప్ప దారి లేదు. సుమారు 5 మిల్లీలీటర్లు మూత బిగిసే డబ్బాలో పోసి, పేరూ నంబరూ తేదీ గంటతో సహా డబ్బా ఒంటి మీదే రాయాలి. మూత మీద రాస్తే, పది డబ్బాలు ఒకేచోట తెరిచినప్పుడు మూతలు మారిపోతాయి. వెంటనే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎక్కువ రోజులు ఉంచాల్సివస్తే మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి. గడ్డకట్టిన నమూనా కరెంటు కోతలకు కరిగి మళ్లీ గడ్డకట్టడం నాలుగుసార్లు జరిగితే వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ దెబ్బతింటుంది, ఆ తర్వాత దాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేసినా ఏమీ దొరక్కపోవచ్చు. నమూనాలు తీసే నర్సుకు ఈ పని ఎందుకో చెబితేనే అది సక్రమంగా జరుగుతుంది. పురమాయించి వదిలేస్తే నెల తిరిగేసరికి సగం డబ్బాల మీద గంట కనిపించదు.

పరీక్షల్లో ఎలైజా రోటావైరస్ మధ్య పొరలోని వీపీ6 ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. వైరస్ దండిగా ఉన్నప్పుడే పాజిటివ్ వస్తుంది కాబట్టి జబ్బుకు ఇదే కారణమని కాస్త ధైర్యంగా అనొచ్చు. పీసీఆర్ అలా కాదు. గత నెలలో సోకి తగ్గిపోయిన వైరస్ తాలూకు మిగులునూ పట్టేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల మలంలోనూ నోరోవైరస్ దొరుకుతుంది. పీసీఆర్ మీద ఆధారపడే సర్వేలో అదే ఊరి, అదే వయసు ఆరోగ్యవంతులైన పిల్లల నమూనాలు కూడా తీసుకుని పోల్చాలి, లేదా వైరస్ ఎంత మోతాదులో ఉందో చూడాలి. అది చేయకుండా ప్రకటించిన శాతాల్ని ఒకటికి రెండుసార్లు ఆలోచించి నమ్మాలి. ఇంకో చిక్కు: రోటా టీకాలో ఉండేది బతికున్న, బలహీనపరచిన వైరస్. చుక్కలు వేసిన రెండు వారాల్లోపు అది మలంలో కనిపించవచ్చు. కార్డు చూడకుండా ఆ బిడ్డను రోటా కేసుగా రాస్తే తప్పవుతుంది.

జబ్బు ఎంత తీవ్రంగా ఉందో వెసికారి స్కోరుతో కొలుస్తారు. మొత్తం 20 పాయింట్లు, 11 దాటినా, సరిగ్గా 11 అయినా తీవ్రం. ఒక బిడ్డ విషయంలో ఇది ఇలా వస్తుంది. విరేచనాలు మూడు రోజులు: 1. గరిష్ఠంగా రోజుకు ఎనిమిది: 3. వాంతులు రెండు రోజులు: 2. రోజుకు ఆరు: 3. జ్వరం 38.2 డిగ్రీల సెల్సియస్: 1. చేరినప్పుడు బరువు 7.5 కిలోలు, నీరు పట్టాక 8 కిలోలు, అంటే సుమారు 6 శాతం నష్టం: 3. ఆసుపత్రిలో చేర్చారు: 2. మొత్తం 15. బరువు తూచేటప్పుడు బట్టలన్నీ తీసేయాలి. తడిసిన స్వెట్టరు, మొలతాడు, వెండి కడియాలు కలిసి 200 గ్రాములు తూగితే నష్టం శాతం తారుమారవుతుంది. ఈ స్కోరును చేరిన రోజునే ముగించకూడదు. విరేచనాలు ఆరో రోజు దాకా సాగితే మొదటి పాయింటు 1 కాదు, 3 అవుతుంది. డిశ్చార్జి అయ్యాక ఫోన్ చేసి ఎప్పుడు ఆగాయో కనుక్కుంటేనే స్కోరు పూర్తయినట్టు.

వైరస్‌ను చంపే మందు లేదు, యాంటీబయోటిక్ పనిచేయదు. మలంలో రక్తం కనిపిస్తే అది వేరే కథ. కొంతమేర నీరు తగ్గిన బిడ్డకు కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఓఆర్‌ఎస్ పట్టాలి, అంటే 8 కిలోల బిడ్డకు 600 మిల్లీలీటర్లు. కక్కితే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. లీటరు నీళ్లలో కలపాల్సిన 20.5 గ్రాముల ప్యాకెట్‌ను ఒక గ్లాసులో కలిపేయడం చాలా చోట్ల జరిగే ప్రమాదకరమైన పొరపాటు, రక్తంలో ఉప్పు మోతాదు పెరిగి ఫిట్స్ రావచ్చు. అట్టడబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు, వాటిలోని చక్కెర విరేచనాల్ని పెంచుతుంది. తల్లిపాలు ఆపకూడదు. ఆరు నెలలు దాటినవాళ్లకు గంజి, చోడి అంబలి, మెత్తటి అన్నం పెడుతూనే ఉండాలి. వాళ్లకు జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు.

టీకా విషయంలో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. 2016లో దేశంలో మొదటగా రోటా చుక్కలు ప్రభుత్వ టీకాల పట్టికలోకి వచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. మిగతావి ఒడిశా, హరియాణా, హిమాచల్ ప్రదేశ్. అప్పటి టీకా రోటావాక్. 116ఈ అనే దాని వైరస్‌ను 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల నుంచి వేరుచేశారు. తయారుచేసింది హైదరాబాద్ భారత్ బయోటెక్. 6, 10, 14 వారాల వయసులో మూడు మోతాదులు నోట్లోనే వేస్తారు. పిల్లల మీద జరిపిన టీకా ప్రయోగాల్లో తొలి ఏడాది తీవ్రమైన రోటా జబ్బును 56 శాతం మేర ఆపింది. "వేయించినా వచ్చింది కదా" అన్న తల్లికి ఈ సంఖ్య చిన్నదిగా తోచొచ్చు. కానీ వెల్లూరులో పుట్టినప్పటి నుంచి గమనించిన పిల్లల్లో, సహజంగా మూడుసార్లు రోటా సోకాక కూడా మోస్తరు, తీవ్ర జబ్బు నుంచి రక్షణ 79 శాతమే వచ్చింది. మన పరిసరాల్లో ఈ వైరస్ అంత గట్టిది. ఆసుపత్రిలో చేరాల్సిన బిడ్డల్లో సగం మందికి పైగా ఇంట్లోనే ఉండిపోవడం చిన్న విషయం కాదు.

టీకా పనితనాన్ని వార్డులోనే కొలవొచ్చు. విరేచనాలతో చేరినవాళ్లందరికీ పరీక్ష చేసి, పాజిటివ్‌ల టీకా చరిత్రను నెగెటివ్‌లతో పోల్చాలి. ఊహకు వంద పాజిటివ్‌లలో 60 మందికి, వంద నెగెటివ్‌లలో 80 మందికి మూడు మోతాదులూ పడ్డాయనుకుందాం. టీకా పడిన 60ని పడని 40తో భాగిస్తే 1.5, అలాగే 80ని 20తో భాగిస్తే 4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.375. ఒకటిలోంచి తీసేస్తే పనితనం 62.5 శాతం. పాజిటివ్‌లలో ఎక్కువమంది టీకా వేయించుకున్నవాళ్లే అయినా టీకా పనిచేస్తోందని ఈ లెక్క చూపిస్తుంది. అయితే కార్డు కళ్లతో చూడాలి. "అన్నీ వేయించామండీ" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. కార్డు ఇంట్లో ఉండిపోతే ఆ ఊరి ఏఎన్‌ఎం రిజిస్టరు నుంచి తేదీలు తెప్పించుకోవాలి.

వార్డులోనే అంటుకునే కేసుల్ని విడిగా రాయాలి. న్యుమోనియాతో చేరిన బిడ్డకు మూడో రోజున విరేచనాలు మొదలైతే అది ఆసుపత్రి ఇచ్చిన జబ్బు కావచ్చు. జనవరిలో ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలుంటే ఇది తప్పదు. రోటా, నోరో రెంటికీ కొవ్వు పొర ఉండదు కాబట్టి, ముఖ్యంగా నోరోవైరస్‌కు, స్పిరిట్ శానిటైజరు సరిగ్గా పనిచేయదు. సబ్బూ నీళ్లే కావాలి. ముందు మలాన్ని తుడిచేసి, ఆ తర్వాత 5 శాతం హైపోక్లోరైట్ 20 మిల్లీలీటర్లకు నీళ్లు కలిపి లీటరు చేసిన ద్రావణం పూసి పది నిమిషాలు ఉంచాలి. మలం మీదే పోస్తే క్లోరిన్ అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. మూత తీసి నెలల తరబడి ఉంచిన బ్లీచింగ్ పౌడర్‌లోనూ పెద్దగా సత్తువ మిగలదు.

చివరిగా, వార్డులో వచ్చిన సంఖ్యను జిల్లా సంఖ్యగా రాసేయకూడదు. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి ఒడిశాలోని బరంపురం దగ్గర కాబట్టి కొందరు అటే వెళ్తారు. సాలూరు, బొబ్బిలి నుంచి కొందరు నేరుగా విశాఖ వెళ్లిపోతారు. సీతంపేట కొండల మీది బిడ్డ కిందికి దిగేలోపే పరిస్థితి విషమించవచ్చు. చాలామందికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరే సెలైన్ ఎక్కుతుంది, వాళ్లు ఏ రిజిస్టరులోనూ కనిపించరు. కాబట్టి ఇంటి మండలం పేరు ప్రతి కేసుకూ రాయాలి, ఏడాదికొకసారైనా కొన్ని ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి "మీ బిడ్డకు విరేచనాలైతే ఎక్కడ చూపించారు?" అని అడగాలి. పదిమందిలో నలుగురే ఆసుపత్రికి వచ్చారని తేలితే, ఆ మండలం నుంచి వచ్చిన కేసుల సంఖ్యను రెండున్నరతో హెచ్చించి చూడాలి.