మగ్గం ఆగినప్పుడు జరిగే పని

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పట్టుచీరలు నేసే తెలుగు కుటుంబాల ఇళ్లలో వేసవి మధ్యాహ్నం మగ్గం చప్పుడు కాసేపు ఆగుతుంది. రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నాన్ని, ఇరుగుపొరుగు ఒడియావారు పఖాళ అని ఇష్టంగా తినే ఆ చద్దన్నాన్ని, ఉల్లిపాయతోనో వేయించిన చేపతోనో తిని నడుం వాల్చడం ఆ ప్రాంతమంతటా ఉన్న అలవాటు. గజపతి జిల్లా పర్లాకిమిడిలోనూ, రాయగడ జిల్లా గుణుపురంలోనూ మధ్యాహ్నం రెండు గంటలకు బజారు వీధిలో సగం దుకాణాలు తలుపులు దగ్గరగా వేసుకుని ఉంటాయి. చదువుకుని నగరాలకు వెళ్లి వచ్చినవారిలో కొందరు ఈ అలవాటును సోమరితనంగా, వెనకబాటుకు కారణంగా భావిస్తారు. ఆ భావన సరైనది కాదని నా గట్టి నమ్మకం. చేతులు ఆగినప్పుడు పని కూడా ఆగిపోతుందనే ఊహ మీద అది ఆధారపడి ఉంది. నూరేళ్లకు పైగా సాగిన పరిశోధన ఆ ఊహను బలపరచడం లేదు.

అలసటను కొలవాలని తొలిసారి పట్టుదలగా ప్రయత్నించినవారిలో ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మోస్సో ముఖ్యుడు. చేతి వేలితో ఒక బరువును పదేపదే లాగిస్తూ ప్రతి లాగుడునూ కాగితంపై గీతగా నమోదు చేసే ఎర్గోగ్రాఫ్ అనే పరికరాన్ని ఆయన రూపొందించాడు. అలసటపై ఆయన రాసిన గ్రంథం 1891లో వెలువడింది. రోజంతా పాఠాలు చెప్పి, విద్యార్థులను పరీక్షించి వచ్చిన అధ్యాపకులు బరువులేమీ ఎత్తకపోయినా వారి వేలి కండరం మామూలుకన్నా త్వరగా సోలిపోవడాన్ని ఆయన గమనించాడు. ఆలోచించడం కూడా శరీరాన్ని అలసటకు గురిచేసే శ్రమేనని చెప్పడానికి అది తొలినాటి సాక్ష్యాల్లో ఒకటి.

తరువాత మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిగంటలు విపరీతంగా పెరిగాయి. కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించేందుకు 1915లో అక్కడి ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సేకరించిన లెక్కలను జాన్ పెంకావెల్ అనే ఆర్థికవేత్త దాదాపు ఒక శతాబ్దం తరువాత మళ్లీ తీసి విశ్లేషించి, 2015లో ప్రచురించాడు. వారానికి 49 గంటల లోపు పనిచేసినంతవరకు గంటలు పెరిగిన కొద్దీ ఉత్పత్తి కూడా అదే నిష్పత్తిలో పెరిగింది. ఆ హద్దు దాటాక ప్రతి అదనపు గంటకూ దక్కే ఫలితం తగ్గుతూ వచ్చి, 70 గంటల వారంలో తయారైన సరుకు 56 గంటల వారంలో తయారైన దానికంటే పెద్దగా ఎక్కువేమీ లేదని తేలింది. అంటే ఆ పద్నాలుగు గంటలూ మనుషుల ఒళ్లు హూనం కావడమే తప్ప ఫిరంగి గుండ్ల సంఖ్య పెద్దగా పెరగలేదు. వారానికి ఒక సెలవురోజు లేకపోవడం కూడా ఆ వారపు ఉత్పత్తిని దెబ్బతీసిందని అదే విశ్లేషణ చూపింది.

ఇక్కడ శరీరశ్రమను పక్కన పెట్టి చూపును, ధ్యాసను మాత్రమే అడిగే పనుల సంగతి చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెరల ముందు కూర్చున్నవారు కొంతసేపటి తరువాత శత్రువుల జాడను గుర్తించలేకపోవడం ఎందుకో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఒక సులభమైన పరీక్ష తయారుచేశాడు. అంకెలు లేని గడియారంలో ముల్లు ఒక్కొక్క అడుగే వేస్తూ పోతుంది. ఎప్పుడో ఒకసారి రెండు అడుగులు ఒకేసారి దూకుతుంది. ఆ దూకుడును కనిపెట్టి మీట నొక్కాలి. 1948లో వెలువడిన ఫలితాల ప్రకారం, మొదటి అరగంటలోనే గుర్తించే శక్తి గణనీయంగా పడిపోయింది. అరగంట పని, అరగంట విశ్రాంతి చొప్పున సాగినప్పుడు ఆ పతనం కనిపించలేదు. ఆ రాడార్ సిబ్బందికి శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు, ఎందుకంటే ఆ పని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. లోపం ఎడతెరిపి లేని కాపలాలోనే ఉంది.

మగ్గం పని కూడా ఇలాంటి కాపలాయే. పడుగులో, అంటే మగ్గంపై నిలువుగా సాగదీసిన దారాల్లో, వేల పోగుల మధ్య తెగిన ఒక్క పోగును నేతగాడు వెంటనే పట్టుకోవాలి, లేకపోతే ఆ లోపం చీర పొడవునా సాగుతుంది. రాయగడ దగ్గర జేకేపూర్ కాగితపు మిల్లులోనూ, తేరుబాలి ఫెర్రో అల్లాయ్ కొలుముల దగ్గరా రాత్రి షిఫ్టులో మీటర్ల ముందు కూర్చునేవారి పనిలో కూడా అత్యధిక భాగం ఇలా కనిపెట్టుకుని ఉండడమే. ఇలాంటి చోట విశ్రాంతి లేకపోతే నష్టపోయేది వేగం కాదు, నాణ్యత, భద్రత. అందువల్ల ఆ నష్టం ఆరోజు కూలి లెక్కలో కనిపించదు.

నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచినది మాత్రం కొత్త పని నేర్చుకోవడానికి సంబంధించిన పరిశోధన. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు కుడిచేతి వాటం ఉన్నవారిని ఎడమచేత్తో 4-1-3-2-4 అనే మీటల వరుసను వీలైనంత వేగంగా నొక్కమన్నారు. పది సెకన్ల సాధన, పది సెకన్ల విశ్రాంతి. ఇలా 36 సార్లు. వారి వేగం ఎక్కడ పెరిగిందో 2019లో ప్రచురించిన ఆ అధ్యయనం సూక్ష్మంగా కొలిచింది. తొలి దశలో కలిగిన మెరుగుదల దాదాపు అంతా నొక్కుతున్న సమయంలో రాలేదు. ఒక విడత ముగిసి మరొకటి మొదలయ్యే లోపు, అంటే చేయి కదలని ఆ పది సెకన్లలో వచ్చింది. అదే బృందం 2021లో మెదడులోని అయస్కాంత సంకేతాలను నమోదు చేసి చూసినప్పుడు, విశ్రాంతి సమయంలో మెదడు ఆ మీటల వరుసను దాదాపు ఇరవై రెట్లు వేగంగా మళ్లీ మళ్లీ నెమరువేసుకుంటున్నట్లు తేలింది. ఆ పునరావృతి ఎక్కువగా జరిగినవారే ఎక్కువగా నేర్చుకున్నారు. ఈ లాభమంతా నేర్పు స్థిరపడడం వల్ల కలిగినదేనా, లేక వేళ్ల బడలిక తీరడం వల్ల కూడా కొంత కనిపిస్తోందా అన్న విషయంపై ఇతర పరిశోధకులు అభ్యంతరాలు లేవనెత్తారు. ఆ చర్చ ఇంకా సాగుతోంది. ఏ వివరణ నిలిచినా, నాడె, అంటే మగ్గంపై అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే సాధనం, విసరడం కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడు మధ్యమధ్య చేయి దించి ఊరకే కూర్చుంటే కసరడం మాత్రం న్యాయం కాదు.

మెదడు ఎప్పుడూ ఖాళీగా ఉండదన్నది ఇప్పుడు బాగా స్థిరపడిన విషయం. శరీర బరువులో సుమారు 2 శాతమే ఉండే ఈ అవయవం మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శరీరం వినియోగించే శక్తిలో సుమారు 20 శాతాన్ని తీసుకుంటుంది. బయటి పనిపై ధ్యాస లేనప్పుడు మెదడులోని కొన్ని ప్రాంతాలు కలిసికట్టుగా చురుకవుతాయని మార్కస్ రైకల్ బృందం 2001లో వివరించింది. జ్ఞాపకాలను తిరగేయడం, రేపటిని ఊహించడం, ఇతరుల మనసును అంచనా కట్టడం వంటివి ఆ వ్యవస్థతో ముడిపడి ఉన్నాయి. ఇక ఎక్కువసేపు కఠినంగా ఆలోచించినప్పుడు ఏమి పేరుకుంటుందో 2022లో పారిస్ పరిశోధకులు కొంతవరకు చూపగలిగారు. ఆరు గంటలకు పైగా క్లిష్టమైన పనులు చేసినవారిలో, నుదుటి వెనుక ఉండి నిర్ణయాలను నియంత్రించే మెదడు భాగంలో గ్లుటమేట్ అనే రసాయనం, సులభమైన పనులు చేసినవారిలో కంటే ఎక్కువగా చేరింది. అదే సమయంలో వారి ఎంపికలు కూడా మారాయి: కష్టపడి తరువాత పొందే పెద్ద ఫలితం కంటే తేలికగా వెంటనే దక్కే చిన్న ఫలితం వైపు వారు మొగ్గారు. సాయంత్రానికి మనం తీసుకునే నిర్ణయాలు ఎందుకు పలచబడతాయో దీనితో కొంత అర్థమవుతుంది.

సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు ఈ విషయం మరింత దగ్గరగా తాకుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షల కోసం ఇంగ్లీషు, హిందీ కూడా. ఒకదానితో ఒకటి కొంత పోలిన అక్షరాలను, మాటలను వారు ఒకే రోజులో వరుసగా నేర్చుకోవాలి. కొత్తగా నేర్చుకున్న దాని వెనువెంటనే మరొక పాఠం మొదలుపెడితే మొదటిది చెదిరిపోతుందని జర్మనీలోని గోటింగెన్‌లో మ్యూలర్, పిల్జెకర్ 1900లోనే చూపించారు. 2012లో మైకేలా డ్యూవర్ బృందం వయసు మళ్లినవారికి రెండు చిన్న కథలు వినిపించింది. ఒక కథ తరువాత పది నిమిషాలు మసకవెలుతురు గదిలో కళ్లు మూసుకుని కూర్చోబెట్టింది, మరొక కథ తరువాత అదే పది నిమిషాలు బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టే ఆట ఆడించింది. విశ్రాంతి దొరికిన కథే వారికి వారం రోజుల తరువాత కూడా మెరుగ్గా గుర్తుంది. ఒడియా పాఠం ముగిసిన మరుక్షణమే తెలుగు పుస్తకం తెరిపించే ట్యూషన్ మాస్టర్లు, మధ్యలో ఆ పది నిమిషాలను వదిలితే ఖర్చు లేకుండా ఎంతో మేలు చేసినవారవుతారు. ఈ సంగతిని తల్లిదండ్రులకు కూడా నచ్చజెప్పాలి, ఎందుకంటే పిల్లవాడు కళ్లు మూసుకుని కూర్చుంటే ముందుగా కలవరపడేది వారే.

మధ్యాహ్నపు కునుకు విషయానికి వస్తే, మనకు దగ్గరలోనే జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. చెన్నైలో కంప్యూటర్‌పై సమాచారం నమోదు చేసే తక్కువ ఆదాయ కార్మికులు 452 మందిపై అర్థశాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం 2021లో ప్రచురితమైంది. వారు రాత్రి ఎనిమిది గంటలు పక్క మీద ఉన్నా నిజంగా నిద్రపోయేది ఐదున్నర గంటలే. వేడి, రొద, దోమలు, ఇరుకు గదులు వారి నిద్రను ముక్కలు చేస్తున్నాయి. రకరకాల ప్రోత్సాహకాలతో రాత్రి నిద్రను సగటున 27 నిమిషాలు పెంచినా, నిపుణుల అంచనాలకు భిన్నంగా, పనిలో గాని ఆలోచనలో గాని చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పని చోటే ప్రశాంతంగా ఏర్పాటు చేసిన స్థలంలో మధ్యాహ్నం కాసేపు కునుకు తీసినవారిలో మాత్రం పని సామర్థ్యం, మనసు నెమ్మది, ధ్యాస మెరుగుపడ్డాయి. ముక్కలైన నిద్రను పొడిగించడం కంటే చల్లని, నిశ్శబ్దమైన చోట దొరికిన కాసింత మంచి నిద్ర ఎక్కువ పనిచేసి ఉంటుందని ఊహించవచ్చు.

మధ్యాహ్నం వచ్చే మత్తుకు భోజనం ఒక్కటే కారణం కాదు. శరీరంలోని దినచర్య గడియారం ఆ వేళ మెలకువను సహజంగానే కొంత తగ్గిస్తుంది కాబట్టి భోజనం చేయనివారిలో కూడా అది కనిపిస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో చేరే అడినోసిన్ అనే రసాయనం నిద్రమత్తును కలిగిస్తుంది. టీలోని కెఫీన్ దాని పనిని కాసేపు అడ్డుకుంటుందే తప్ప దాన్ని తొలగించలేదు. సాయంత్రం ఆరు గంటలకు తాగిన టీలోని కెఫీన్‌లో చాలా భాగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. కునుకును ఇరవై నిమిషాల దగ్గర ఆపడం మంచిది, అంతకు మించితే గాఢనిద్రలోకి జారి, లేచాక తల దిమ్ముగా ఉంటుంది.

అయితే ప్రతి విరామమూ విశ్రాంతి కాదు. పద సమస్యలు పరిష్కరిస్తున్నవారికి మధ్యలో విరామమిచ్చి చేసిన ఒక ప్రయోగంలో, ఆ సమయాన్ని ఫోన్‌తో గడిపినవారు తిరిగి పనిలో పడ్డాక మిగతావారికంటే ఎక్కువ సమయం తీసుకుని తక్కువ సమస్యలు పరిష్కరించారు. దీనికి భిన్నంగా, చెట్ల మధ్య నడిచి వచ్చినవారు అంకెలను వెనుక నుంచి అప్పజెప్పే పరీక్షలో మెరుగయ్యారని, రద్దీ వీధుల్లో నడిచినవారిలో అలాంటి మెరుగుదల లేదని 2008లో మార్క్ బెర్మన్ బృందం చూపింది. చలికాలంలో ఆ నడకను ఆస్వాదించనివారికి కూడా ఆ లాభం కలిగింది. బరంపురం నుంచి గోపాల్‌పూర్ తీరానికో, పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపో వెళ్లే తీరిక రోజూ ఉండదు గాని, పెరట్లోని వేపచెట్టు కింద కూర్చోవడానికి తీరిక ఉంటుంది. ఇక పది నిమిషాల లోపు విరామాలపై వచ్చిన అధ్యయనాలను 2022లో కలిపి విశ్లేషించినప్పుడు, అవి అలసటను తగ్గించి ఉత్సాహాన్ని పెంచుతాయని స్పష్టమైంది. కాని బాగా బుర్ర పెట్టాల్సిన పనుల్లో ఫలితం మెరుగుపడాలంటే అంత చిన్న విరామం సరిపోకపోవచ్చని కూడా తేలింది.

ఇంతవరకు చెప్పినదంతా విశ్రాంతి తీసుకునే వీలున్నవారికి. చెన్నై అధ్యయనంలోనే ఒక చేదు వివరం ఉంది: కునుకు తీసినవారు ఆ సమయాన్ని ఊరకే గడిపినవారికంటే ఎక్కువ సంపాదించారు గాని, ఆ సమయంలో కూడా పని ఆపనివారితో పోలిస్తే వారి మొత్తం సంపాదన తగ్గింది. చీరకు ఇంత అని కూలి పుచ్చుకునే నేతగాడి ఇబ్బంది సరిగ్గా ఇదే. 1948 నాటి కర్మాగారాల చట్టం ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించరాదని, ఆలోగా కనీసం అరగంట విరామం ఇవ్వాలని నిర్దేశించింది. ఇంట్లోని మగ్గాన్ని ఆ చట్టం ఏనాడూ పట్టించుకోలేదు. ఒడిశా 1998 వేసవిలో వడగాలులకు 2,042 మందిని పోగొట్టుకున్న రాష్ట్రం. ఆ తరువాత వేసవి హెచ్చరికల విషయంలో అది ఎంతో ముందడుగు వేసింది, మండుటెండ వేళల్లో ఆరుబయట పనులు ఆపాలని ఉత్తర్వులు కూడా ఇస్తోంది. రేకుల కప్పు కింద, ఆవిరి పట్టినట్లుండే గదిలో మగ్గం ముందు కూర్చున్నవారు ఆరుబయట లేరు కాబట్టి ఆ ఉత్తర్వుల పరిధిలోకి రారు. చేనేత సహకార సంఘాలు చీరకు కూలి కట్టేటప్పుడు, నేతగాడు తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా ఆగకుండా నేస్తాడని లెక్క వేయకుండా, మధ్యాహ్నపు విరామం పోగా మిగిలిన గంటలకే ఆ రోజు కూలి గిట్టేలా ధర నిర్ణయించాలి. సంఘం భవనంలో ఫ్యాను, చాప, తాగునీరు ఉన్న ఒక గదిని ఆ గంటసేపు వారికి వదలాలి. ఇందుకయ్యే ఖర్చు ఎంతో ఒక వేసవిలో లెక్క కట్టి చూడవచ్చు, దానితోపాటు లోపంతో తిరిగివచ్చిన చీరల సంఖ్య ఎంత తగ్గిందో కూడా రాసి పెట్టుకోవచ్చు.