తలుపుల ఇత్తడికి లాకర్ కొట్టించే ముందు: కొన్ని అపోహలు - వాస్తవాలు

పాత తలుపుల గొళ్ళేలు, గడియలు, పిడులు బాగుచేయడం నా పని. తెచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "మెరుపు పోకుండా పైన ఏదైనా కొట్టండి." ఆ "ఏదైనా" అంటే మామూలుగా లాకర్, వార్నిష్ లాంటి రంగులేని పూత.

అపోహ: లాకర్ ఒకసారి కొడితే ఇక జన్మలో తోమక్కర్లేదు.

వాస్తవం: లాకర్ అంటే గాలి, చెమ్మ ఇత్తడికి తగలకుండా ఆపే సన్నటి పొర, అంతే. రోజంతా చెయ్యి పడే పిడి మీద బొటనవేలు ఆనే చోట అది ముందు అరుగుతుంది. అక్కడ నల్లబడి, చుట్టూ మెరుస్తుంటే అసలు తోమని పిడే నయమనిపిస్తుంది. ఆ మచ్చ ఒక్కటే తోముదామంటే కుదరదు, లాకర్ మొత్తం తీయాల్సిందే. అందుకే సింహద్వారం పిడికి నేను లాకర్ వద్దంటాను. రెండు మూడు నెలలకోసారి మైనం రాసి గుడ్డతో రుద్దుకుంటే చాలు. చెయ్యి అందని కిటికీ కొక్కేలకు, తలుపు మీది పూల బిళ్ళలకు మాత్రం లాకర్ చాలాకాలం నిలుస్తుంది.

అపోహ: చింతపండుతో తళతళా తోమేసి వెంటనే లాకర్ కొట్టొచ్చు.

వాస్తవం: కొత్తలో నేనూ అంతే తొందరపడ్డాను. ఒకరింటి తలుపు సామాను బిగించి వచ్చిన పదిహేను రోజులకు ఫోన్, గోధుమరంగు మచ్చలొస్తున్నాయని. వెళ్ళి చూస్తే లాకర్ కింద నా వేలిముద్రలే, గీతలతో సహా! చేతి చెమటలో ఉప్పుంటుంది కదా. నగిషీ సందుల్లో మిగిలిన పులుపూ అలాగే లోపల్నుంచి తినేస్తుంది. ఇప్పుడైతే బాగా కడిగి, ఆరబెట్టి, బఫింగ్ చేసి (అంటే తిరిగే గుడ్డ చక్రం మీద మెరుగుపెట్టి), అంటుకున్న పాలిష్ జిడ్డును అసిటోన్‌తో తుడుస్తాను. ఆ తర్వాత గ్లౌజులు లేకుండా ముట్టను. టైమంతా దీనికే పోతుంది, స్ప్రే చేయడం ఐదు నిమిషాల పని. అదీ ముసురు పట్టిన రోజున చేయను. లాకర్‌ను పలచన చేసే థిన్నర్ ఆవిరవుతూ లోహాన్ని చల్లబరిస్తే, గాలిలోని చెమ్మ దిగి పొర పాలలా తెల్లబడుతుంది.

అపోహ: పచ్చగా మెరిసేదంతా ఇత్తడే.

వాస్తవం: అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే ఇనుము మీద పూత. అతుక్కోకపోయినా నమ్మేయకండి, జింకుతో పోతపోసి పైన పూత వేసిందీ అతుక్కోదు. వెనక స్క్రూ రంధ్రం దగ్గర కాస్త గీకితే బూడిదరంగు బయటపడుతుంది. దాన్ని బఫింగ్‌కిచ్చారో, ఉన్న పూతా పోతుంది.

అపోహ: పాత లాకర్‌ను ఎమరీ కాగితంతో గీకాలి.

వాస్తవం: గీతలు పడతాయి. వంటకు వాడని గిన్నెలో చాకలి సోడా నీళ్ళు మరిగించి, సామాను అందులో వేయండి. మామూలు లాకరైతే పొరలుగా ఊడుతుంది. పాలియురెథేన్ అనే గట్టి రకం పూత అంత తేలిగ్గా లొంగదు, దానికి పెయింట్ రిమూవర్ కావాలి.

దీపపు కుందులకూ కొట్టమని అడుగుతారు కొందరు. వద్దండీ. వత్తి సెగకు లాకర్ కమిలి పొక్కుతుంది.