మంచు దిబ్బల గొడవ 2000లోనే మొదలైంది

టొరంటోలో మంచు పడితే చాలు, స్లెడ్‌ల (మంచు మీద కూర్చుని జారే బల్లల) గొడవ మళ్లీ రాజుకుంటుంది. 2024 జనవరిలో నగరపాలక సంస్థ 45 దిబ్బల మీద జారడం నిషేధిస్తూ బోర్డులు పాతింది. అదే నెలలో కెనడా పిల్లల వైద్యుల సంఘం వేరే మాట చెప్పింది: ఎత్తులెక్కడం, వేగంగా జారడం, కలబడటం లాంటి కాస్త రిస్కున్న ఆటలు పిల్లల ఒంటికీ మనసుకూ అవసరమని.

ఈ తగాదాకు మూలం 2000వ సంవత్సరంలో ఉంది. టొరంటో స్కూల్ బోర్డు ఆ ఏడాది ప్రాథమిక బడుల్లోని ఆట సామగ్రిని కొత్త భద్రతా ప్రమాణాలతో తనిఖీ చేయించింది. 393 బడుల్లో 136 చోట్ల ప్రమాదకరమని తేలినవాటిని పీకించి, కొత్తవి పెట్టించింది. 2005లో కెనడా వైద్య సంఘం పత్రికలో లెక్కలు వచ్చాయి. సామగ్రి మార్చిన బడుల్లో నెలకు వెయ్యిమంది పిల్లల్లో 2.61గా ఉన్న గాయాలు 1.68కి తగ్గాయి.

ఇక్కడ ఒకటి గమనించాలి. గాయాలు తగ్గింది పిల్లలు ఆట మానేసినందుకు కాదు. కొత్త సామగ్రి మీద వాళ్లు ఎక్కుతూ, జారుతూనే ఉన్నారు. పెద్దలు మాత్రం ‘తీసేస్తే తలనొప్పి పోతుంది’ అన్న పాఠమే పట్టుకున్నారు. 2011లో టొరంటోలో ఓ బడి గట్టి బంతులనే నిషేధించింది. స్పాంజి బంతి తప్ప ఇంకేదీ తేవద్దంది. తల్లిదండ్రులు గోల చేశాక కొంత సడలించింది.

అధికారుల భయానికీ కారణం లేకపోలేదు. టొరంటోకు దగ్గర్లోని హామిల్టన్‌లో 2004లో స్లెడ్ మీద జారుతూ వెన్ను దెబ్బతిన్న ఒకాయనకు కోర్టు 2013లో సుమారు 9 లక్షల డాలర్ల పరిహారం ఇప్పించింది. అయితే ఆయన్ని దెబ్బతీసింది మంచు కింద కనబడకుండా ఉన్న మురుగు కాలువ. దిబ్బ ఎంత ఎత్తుందో పిల్లాడికి కళ్లముందే కనిపిస్తుంది, ఎక్కాలో వద్దో తేల్చుకోగలడు. మంచు కప్పేసిన కాలువ, తుప్పుపట్టిన బోల్టు వాడికి కనబడవు. వాటిని చూసుకోవాల్సింది పెద్దవాళ్లే. వైద్యులు గీసిన గీతా ఇదే. హెల్మెట్లు, సీటు బెల్టుల విషయంలో వాళ్లు పట్టు సడలించలేదు.

టొరంటో పక్కనున్న బ్రాంప్టన్, మిస్సిసాగా పార్కుల్లో ‘దిగరా, పడతావ్’ అని కేకేసే మన తెలుగు అమ్మానాన్నలూ ఈ తేడా గమనిస్తే బాగుంటుంది. నగరపాలక సంస్థ కూడా ఒకటి చెప్పాలి: ఆ 45 దిబ్బల్లో దారిలో మొద్దు ఉంటే తవ్వేసో, చెట్టు ఉంటే దెబ్బ తగలకుండా గడ్డిమోపులు అడ్డుపెట్టో పిల్లలకు వదిలేయగలిగినవి ఎన్ని?